శివారు కాలనీలో అపార్ట్‌మెంట్లు వస్తుంటే... రోడ్డు ముందా, పైపులు ముందా?

కాలనీలో సీసీ రోడ్డు వేశారు. కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు. మూడు నెలలు తిరగకముందే డ్రైనేజీ లైన్ కోసం అదే రోడ్డును నడుమ నుంచి తవ్వారు. మట్టి పోసి వెళ్లిపోయారు. ఆ తర్వాత మంచినీళ్ల పైపు కోసం ఒక పక్క, ఇంటర్నెట్ కేబుల్ కోసం మరో పక్క తవ్వారు. వాన పడగానే ఆ గుంతలోనే ఎవరిదో బైకు జారింది.

హైదరాబాద్ శివార్లలో ఉండేవారికి, విజయవాడ, విశాఖ చుట్టుపక్కల కొత్త కాలనీల్లో ఉండేవారికి ఇది తెలియని కథ కాదు. 'శాఖల మధ్య సమన్వయం లేదు' అని మనం సరిపెట్టుకుంటాం. అది నిజమే, కానీ సగమే నిజం. నేల కింద ఏముండాలో తేల్చకుండా నేల మీద రోడ్డు వేసేయడమే మిగతా సగం.

ఒక్కో ఇల్లు కూలి ఆ స్థలంలో అపార్ట్‌మెంట్ లేస్తున్న పాత కాలనీల్లో ఈ సమస్య మరీ ఎక్కువ. అక్కడ రోడ్డు, డ్రైనేజీ, మంచినీరు, వరద కాల్వ, కరెంటు వీటన్నింటినీ ఏ లెక్కన ప్లాన్ చేయాలి? ఏది ముందు, ఏది తర్వాత? మీ స్థలం ఎంత పోతుంది? మీరు ఎవరిని ఏమని అడగాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ కాలనీలు ఇలా ఎందుకు తయారయ్యాయి?

హైదరాబాద్ చుట్టూ ఉన్న చాలా కాలనీలు ఒకప్పుడు పంచాయతీ లేఅవుట్లు. పొలం కొన్నారు, సున్నంతో గీతలు గీశారు, 20 లేదా 30 అడుగుల మట్టి రోడ్లు వదిలారు, ప్లాట్లు అమ్మారు. నీళ్లకు బోరు, మురుగుకు సెప్టిక్ ట్యాంకు, కరెంటుకు నాలుగు స్తంభాలు. పది ఇళ్లున్నప్పుడు అది సరిపోయింది.

తర్వాత నగరం వాటి దగ్గరికి వచ్చింది. 2007లో 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ ఏర్పాటు చేశారు. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాన్ని ఆనుకుని ఉన్న మరో 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను కూడా నగరంలో కలపాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. బోర్డు మారింది, పన్ను రసీదు మారింది. నేల కింద మాత్రం పాత పంచాయతీ పైపే ఉంది.

అనుమతి లేని ప్లాట్లు ఎన్ని ఉన్నాయో చెప్పడానికి ఒక్క అంకె చాలు. 2020లో తెలంగాణ ప్రభుత్వం ఎల్‌ఆర్‌ఎస్ ప్రకటిస్తే రాష్ట్రవ్యాప్తంగా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ పథకం కాగితం మీద ప్లాటును సక్రమం చేస్తుంది. రోడ్డును వెడల్పు చేయదు, డ్రైనేజీ లైన్ వేయదు. ఈ తేడా తెలియక 'ఎల్‌ఆర్‌ఎస్ అయిపోయింది, ఇక ఇబ్బంది లేదు' అనుకుని కొన్నవారు చాలామంది.

ఇల్లు అపార్ట్‌మెంట్ అయితే పైపు మీద ఎంత భారం పడుతుంది?

ఒక చిన్న లెక్క వేద్దాం. 300 గజాల ప్లాట్లు 100 ఉన్న కాలనీ ఒకటి ఉందనుకోండి. ప్లాటుకో ఇల్లు, ఇంటికి ఐదుగురు. అంటే 500 మంది.

మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలన్నది కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ మాన్యువల్‌లో ఉన్న లెక్క. మన ఇంజినీర్లు వాడే కొలత అదే. వాడిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుంది.

ఇప్పుడు ఒక్కో ప్లాటులో స్టిల్ట్ మీద 3 అంతస్తులు, అంతస్తుకు 2 ఫ్లాట్లు లేచాయనుకోండి. ఫ్లాటుకు నలుగురు.

• అప్పుడు: 500 మంది, రోజుకు 67,500 లీటర్ల నీరు, 54,000 లీటర్ల మురుగు
• ఇప్పుడు: 2,400 మంది, రోజుకు 3,24,000 లీటర్ల నీరు, 2,59,200 లీటర్ల మురుగు

రోడ్డు అదే, పైపు అదే. భారం మాత్రం దాదాపు 5 రెట్లు. పైగా ఈ మురుగు 24 గంటలూ సమానంగా రాదు. పొద్దున 6 నుంచి 9 మధ్య ఒక్కసారిగా వస్తుంది. అందుకే చిన్న కాలనీల్లో సగటు ప్రవాహానికి 3 రెట్లు తట్టుకునేలా పైపు సైజు నిర్ణయించాలని మాన్యువల్ చెబుతుంది.

మంచినీటిదీ ఇదే తంతు. ఒక అంతస్తు ఇంటికి నీరు ఎక్కాలంటే లైన్‌లో 7 మీటర్ల ఒత్తిడి కావాలి. రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 మీటర్లు ఉండాలన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. పాత లైన్‌లో అంత ఒత్తిడి ఉండదు. దాంతో కొందరు నేరుగా లైన్‌కే మోటారు బిగిస్తారు. వారి సంపు నిండుతుంది, వీధి చివరి ఇంటికి చుక్క రాదు. అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. ఖాళీగా ఉన్న లైన్‌ను మోటారు పీల్చినప్పుడు, పైపుకు ఎక్కడైనా పగులు ఉంటే పక్కనున్న మురుగు అందులోకి చేరుతుంది. కుళాయిలో వాసన వచ్చేది అందుకే.

అందుకే ప్లానింగ్‌లో మొదటి ప్రశ్న 'ఈ రోజు ఎంతమంది ఉన్నారు' అన్నది కాదు. 'ఈ వీధిలో నిబంధనల ప్రకారం కట్టగలిగినంతా కడితే ఎంతమంది ఉంటారు' అన్నది. మురుగు లైన్లను సాధారణంగా 30 ఏళ్ల అవసరానికి లెక్కగట్టేది ఈ కారణంతోనే.

డ్రైనేజీ లైన్‌కు వాలు ఎందుకంత ముఖ్యం?

మంచినీటిని మోటారుతో ఎక్కడికైనా ఎక్కించవచ్చు. మురుగు మాత్రం మామూలుగా వాలు మీదే పోతుంది. పైపులో నీరు కనీసం సెకనుకు 0.6 మీటర్ల వేగంతో కదలాలి. అంతకన్నా నెమ్మదిస్తే మట్టి, మలినం అడుగున పేరుకుని లైన్ పూడుకుపోతుంది.

ఆ వేగం రావాలంటే 200 మిల్లీమీటర్ల పైపును ప్రతి 250 మీటర్లకు దాదాపు ఒక మీటరు దించుకుంటూ పోవాలి. నేల చదునుగా ఉంటే కిలోమీటరు దూరం పోయేసరికి పైపు 4 మీటర్లు అదనంగా లోతుకు వెళ్తుంది. శివార్లలో కింద రాయి తగిలితే ఆ లోతు తవ్వడానికి ఖర్చు, సమయం రెండూ పెరుగుతాయి. లోతు మరీ ఎక్కువైతే మధ్యలో పంపింగ్ స్టేషన్ పెట్టాలి. దానికి స్థలం కావాలి, కరెంటు కావాలి, ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి.

కాబట్టి రోడ్డు గీయడానికి ముందే చేయాల్సింది లెవెల్ సర్వే. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, చివరికి ఈ మురుగు ఏ ట్రంక్ లైన్‌లో కలుస్తుంది, ఆ లైన్ ఏ శుద్ధి కేంద్రానికి వెళ్తుంది? ఈ చివరి ప్రశ్నకు జవాబు లేకుండా కాలనీలో పైపులు వేస్తే ఏమవుతుందో శివార్లలో కళ్లారా చూస్తున్నాం. కాలనీ చివరి వరకూ లైన్ ఉంటుంది, ఆ తర్వాత అది తిన్నగా నాలాలోకో, చెరువులోకో తెరుచుకుంటుంది.

లైన్ పూడుకుపోతే పోయేది కేవలం వాసన, ఇబ్బంది కాదు. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ల బాత్రూముల్లోకి మురుగు ఎదురు తన్నుతుంది. ఇంకా దారుణం ఏంటంటే, ఆ మ్యాన్‌హోల్‌లోకి ఎవరో ఒక మనిషిని దింపుతారు. రక్షణ పరికరాలు లేకుండా మనుషులతో మురుగు లైన్లు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మ్యాన్‌హోల్ మరణాలకు పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. అయినా అలాంటి మరణాల వార్తలు ఆగలేదు. వాలు సరిగా లేని ఒక పైపు వెనక ఇంత ఉంది.

వాన నీటికి వేరే దారి ఎందుకు?

ఒక ఎకరంలో 5 సెంటీమీటర్ల వాన కురిస్తే దాదాపు 2 లక్షల లీటర్ల నీరు. అది పొలమైతే అందులో ఎక్కువ భాగం నేలలోకి ఇంకుతుంది. 30 శాతం బయటికి పారిందనుకుంటే 60 వేల లీటర్లు. అదే ఎకరం స్లాబులు, సిమెంటు రోడ్లు, పార్కింగ్ టైల్స్‌తో నిండితే 80 శాతం పారుతుంది. అంటే 1 లక్షా 60 వేల లీటర్లు. పాత కాల్వకు ఆ నీరు ఎక్కదు.

ఇంతా చేసి ఆ నీటిని మురుగు లైన్‌లోకి వదులుతారు. వాన పడినప్పుడు మ్యాన్‌హోల్ మూతలు లేచి నీరు ఫౌంటెన్‌లా పొంగేది అందుకే. మురుగు లైన్ సన్నగా, లోతుగా ఉంటుంది. వరద కాల్వ పెద్దగా, పైపైన ఉంటుంది. రెండూ వేర్వేరుగా ఉండాలి. మీ ఇంటి టెర్రస్ పైపు డ్రైనేజీ ఛాంబర్‌లోకి కలిపి ఉంటే ఆ తప్పులో మీ వాటా కూడా ఉన్నట్టే.

ఇక్కడ శివారు కాలనీలకు తెలియని అన్యాయం ఒకటుంది. 2019 కేంద్ర మాన్యువల్ ప్రకారం మహానగరాల నడిబొడ్డున వరద కాల్వలను 5 ఏళ్లకోసారి వచ్చే వానకు డిజైన్ చేస్తారు. శివారు ప్రాంతాలకు 2 ఏళ్లకోసారి వచ్చే వాన చాలు అని లెక్క. శివారు అంటే ఖాళీ స్థలాలుంటాయి, నీరు ఇంకుతుంది అన్న భావన అందులో ఉంది. నేడు అదే శివారు అపార్ట్‌మెంట్లతో నిండుతోంది.

2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ ప్రాంతంలో 24 గంటల్లో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. అంత వానకు ఏ కాల్వా సరిపోదు, నిజమే. కానీ ఆ రోజుల్లో ఎక్కువ కాలం నీళ్లలో ఉండిపోయినవి చెరువుల దిగువన, నాలాల ఒడ్డున లేచిన కాలనీలు. ఆ వరదల తర్వాతే నాలాల విస్తరణకు ఎస్‌ఎన్‌డీపీ అనే ప్రత్యేక కార్యక్రమం మొదలైంది.

2012 నాటి భవన నిర్మాణ నిబంధనల్లో బఫర్ కొలతలు స్పష్టంగా ఉన్నాయి. 10 హెక్టార్లు లేదా అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. 10 మీటర్లకు మించిన వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు. ఈ బఫర్‌ను ఖాళీ స్థలంగా కాకుండా, మీ కాలనీ వరద నీరు పోయే దారిగా చూడండి.

30 అడుగుల రోడ్డులో ఏమేం పట్టాలి?

30 అడుగులంటే సుమారు 9 మీటర్లు. కాగితం మీద పెద్దగానే కనిపిస్తుంది. అందులో పట్టాల్సినవి చూడండి: రెండు వైపులా నడిచే దారి, ఎదురెదురుగా వచ్చే రెండు కార్లు, మంచినీటి లైన్, మురుగు లైన్, వరద కాల్వ, కరెంటు, టెలిఫోన్-ఇంటర్నెట్ కేబుళ్లు, కొన్నిచోట్ల వంటగ్యాస్ పైపు, చెట్లు, ట్రాన్స్‌ఫార్మర్. ఫైరింజను కూడా తిరగాలి.

ఒక పద్ధతిలో సర్దితే ఇలా ఉంటుంది:

• మధ్యలో 5.5 మీటర్ల బండ్ల దారి. దాని కింద మురుగు లైన్.
• ఎడమ అంచున 1.75 మీటర్లు. కింద వరద కాల్వ, దాని పైకప్పే నడిచే దారి. పక్కన కరెంటు.
• కుడి అంచున 1.75 మీటర్లు. కింద మంచినీటి లైన్, కేబుళ్లకు ఖాళీ గొట్టాలు.

మంచినీటి లైన్, మురుగు లైన్ మధ్య అడ్డంగా కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి, మంచినీరు పైన, మురుగు కింద ఉండాలి. పైన చెప్పిన అమరికలో ఆ దూరం దక్కుతుంది. 20 అడుగుల వీధిలో అయితే అది దాదాపు అసాధ్యం. రోడ్డు వెడల్పు అంటే కేవలం ట్రాఫిక్ గొడవ కాదని, మన తాగునీటి భద్రత అని ఇక్కడ అర్థమవుతుంది.

పట్టణ రోడ్ల కింద ఈ లైన్లు ఎలా అమర్చాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఐఆర్‌సీ-98 పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. బెంగళూరులో టెండర్‌ష్యూర్ పేరుతో చేసిన రోడ్లు ఈ ఆలోచనకు మంచి ఉదాహరణ. రెసిడెన్సీ రోడ్డు లాంటి చోట్ల లైన్లన్నీ ఫుట్‌పాత్‌ల కిందికి తెచ్చి, తెరిచి చూసుకోవడానికి ఛాంబర్లు పెట్టారు. కేబుల్ మార్చాలంటే రోడ్డు తవ్వనక్కర్లేదు. ఖర్చు మొదట్లో మామూలు రోడ్డు కన్నా చాలా ఎక్కువ, పని నెలల తరబడి సాగింది. ఆ బాధ ఒక్కసారితో పోయింది.

ఏది ముందు, ఏది తర్వాత?

వరుస తప్పితే డబ్బు మట్టిపాలే. సరైన వరుస ఇది:

1. లెవెల్ సర్వే, నేల కింద ఇప్పటికే ఉన్న లైన్ల గుర్తింపు.
2. మురుగు, వరద నీరు చివరికి ఎక్కడ కలుస్తాయో ఖరారు.
3. పూర్తిగా కట్టాక ఉండే జనాభా లెక్క.
4. రోడ్డు వెడల్పు, రోడ్డు చివరి ఎత్తు ఖరారు. ఆక్రమణలుంటే తొలగింపు, స్థలం సేకరణ.
5. అన్నింటికన్నా లోతుగా ఉండే మురుగు లైన్.
6. వరద కాల్వ.
7. మంచినీటి లైన్, తర్వాత కేబుల్ గొట్టాలు. వీధి మలుపుల్లో రోడ్డుకు అడ్డంగా ఒకటి రెండు ఖాళీ గొట్టాలు అదనంగా.
8. ఖాళీ ప్లాట్లతో సహా ప్రతి ప్లాటు హద్దు వరకూ కనెక్షన్.
9. లీకు పరీక్ష, మట్టిని పొరలు పొరలుగా గట్టిపరచడం.
10. చివరగా రోడ్డు.

మన దగ్గర జరిగేది చాలాసార్లు పదో పనితో మొదలవుతుంది. కారణం తేలికే. రోడ్డు కంటికి కనిపిస్తుంది, పైపు కనిపించదు.

ఎనిమిదో అంశాన్ని ఎక్కువగా వదిలేస్తారు. ఖాళీ ప్లాటు యజమాని రెండేళ్ల తర్వాత ఇల్లు కట్టి కనెక్షన్ కోసం రోడ్డు కోయక తప్పదు. తొమ్మిదోది వదిలేస్తే తొలి వానకే రోడ్డు కుంగుతుంది.

నాలుగో అంశంలోని 'రోడ్డు చివరి ఎత్తు' కూడా తేలిగ్గా తీసుకునేది కాదు. పాత రోడ్డును తీసేయకుండా దాని మీదే 15 సెంటీమీటర్ల సిమెంటు పొర వేస్తారు. పదేళ్లలో రెండుసార్లు వేస్తే రోడ్డు ఒక అడుగు లేస్తుంది. అప్పటిదాకా రోడ్డు కన్నా ఎత్తుగా ఉన్న మీ గుమ్మం పల్లమైపోతుంది. వాన నీరు ఇంట్లోకి వస్తే తప్పు మీ ఇంటిది కాదు, రోడ్డు ఎత్తుది.

రోడ్డు వెడల్పు చేస్తే నా స్థలం పోతుందా?

అందరికీ భయం ఇదే. స్థలం తీసుకోవడానికి ప్రధానంగా నాలుగు దారులున్నాయి.

మొదటిది, 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం ఇచ్చి తీసుకోవడం. డబ్బు ఎక్కువ కావాలి కాబట్టి కాలనీ వీధులకు అరుదు.

రెండోది, టీడీఆర్. మీరిచ్చిన స్థలానికి బదులు నిర్మాణ హక్కును బాండు రూపంలో ఇస్తారు. దాన్ని మీరు వాడుకోవచ్చు, బిల్డర్‌కు అమ్ముకోవచ్చు. తెలంగాణలో 2017 నాటి ఉత్తర్వుల ప్రకారం రోడ్డు విస్తరణకు ఇచ్చిన స్థలానికి 4 రెట్ల దాకా ఈ హక్కు వస్తుంది. అయితే ఆ బాండు విలువ మార్కెట్‌లో కొనేవాళ్లను బట్టి ఉంటుంది. నగదుతో సమానం అనుకోకండి.

మూడోది, కొత్త ఇంటికి అనుమతి అడిగినప్పుడు ముందు వైపు స్థలం వదిలించడం. ఎల్‌ఆర్‌ఎస్‌లోనూ రోడ్డు 9 మీటర్లు లేకపోతే ఇరువైపులా సమానంగా స్థలం వదలాలన్న షరతు ఉంది. ఇది ఖర్చు లేని దారి. కానీ ఎవరు ఎప్పుడు కడితే అప్పుడు వదులుతారు కాబట్టి వీధి పళ్లూడిన దువ్వెనలా తయారవుతుంది. వదిలిన చోట ఎవరో కారు పెడతారు, ఇంకెవరో మెట్లు కడతారు. పైపులు తిన్నగా వేయడం కుదరదు. వీధి మొత్తానికి ఒకేసారి గీత గీసి, గుర్తులు పెట్టి, అందరికీ వర్తింపజేస్తేనే ఈ దారి పనిచేస్తుంది.

నాలుగోది, అందరి భూమినీ కలిపి, రోడ్లు గీసి, మిగిలింది తిరిగి పంచడం. గుజరాత్‌లో 1976 చట్టం కింద ఇది దశాబ్దాలుగా నడుస్తోంది. 2001 భూకంపంలో దెబ్బతిన్న భుజ్ పట్టణంలో ఇరుకు వీధులను ఈ పద్ధతిలోనే మళ్లీ గీశారు. ఆంధ్రప్రదేశ్‌లో అమరావతి భూసమీకరణ దీనికి దగ్గరిది. అక్కడ ఎకరం అంటే 4,840 గజాల మెట్ట భూమి ఇచ్చిన రైతుకు 1,000 గజాల నివాస, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇస్తామన్నారు. జరీబు భూమికి వాణిజ్య స్థలం 450 గజాలు. మిగతా భూమి రోడ్లు, కాల్వలు, పార్కులు, రాజధాని అవసరాలకు.

అమరావతి నేర్పిన పాఠం ఇంకోటుంది. ప్లాటు పత్రం చేతికొచ్చినంత మాత్రాన ప్లాటు వచ్చినట్టు కాదు. 2019 తర్వాత పనులు ఆగిపోయాయి, 2025 మేలో ప్రధాని చేతుల మీదుగా మళ్లీ మొదలయ్యాయి. రోడ్డు, నీరు, కరెంటు రానంతకాలం ఆ ప్లాటులో ఇల్లు కట్టలేరు, మంచి ధరకు అమ్మలేరు. భూమి ఇచ్చే ఏ ఒప్పందంలోనైనా వసతులు పూర్తిచేసే గడువు రాసి ఉందా అని చూడాల్సింది అందుకే.

డబ్బు ఎవరు పెట్టాలి?

కొత్త లేఅవుట్‌లో అయితే రోడ్లు, పైపులు వేయాల్సింది డెవలపరే. అవి పూర్తిచేసేదాకా 15 శాతం ప్లాట్లను హెచ్‌ఎండీఏ వంటి సంస్థ పేరిట తనఖా పెట్టాలి. వసతులు పూర్తయి తుది లేఅవుట్ అనుమతి వచ్చాకే వాటిని విడిపిస్తారు. కొనే ముందు మీ ప్లాటు ఆ తనఖాలో ఉందేమో చూసుకోండి. డ్రాఫ్ట్ అనుమతి చూపించి తుది అనుమతి వచ్చిందని చెప్పేవాళ్లూ ఉంటారు.

పాత కాలనీలో ఆ డెవలపర్ ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు. అక్కడ కొత్తగా అపార్ట్‌మెంట్ కట్టే ప్రతి బిల్డర్ అనుమతి సమయంలో బెటర్‌మెంట్, డెవలప్‌మెంట్ ఛార్జీలు, నీటి కనెక్షన్ ఛార్జీలు కడతాడు. ఆ భారం చివరికి ఫ్లాటు కొన్న మీ మీదే పడుతుంది. కాబట్టి మా వార్డులో ఈ ఛార్జీల కింద ఎంత వసూలైంది, అందులో ఎంత మా పైపులకు ఖర్చయింది అని అడిగే హక్కు మీకు ఉంది.

ఎవరిని అడగాలి?

హైదరాబాద్‌లో స్థూలంగా ఇలా గుర్తుపెట్టుకోండి. రోడ్డు, వీధి పక్క వరద కాల్వ మున్సిపల్ కార్పొరేషన్‌వి. మంచినీరు, మురుగు లైన్లు జలమండలివి. శివారు సర్కిళ్ల మురుగు లైన్ల బాధ్యత 2021లోనే జలమండలికి వచ్చింది. ఫిర్యాదు నంబరు 155313. కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లకు 1912.

తవ్వేవాళ్లు పాత లైన్లు పగలగొట్టకుండా 2023లో కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్ తెచ్చింది. తవ్వబోయే చోటును అందులో పెడితే అక్కడ లైన్లున్న సంస్థలకు సమాచారం వెళ్తుంది. మీ వీధిలో జేసీబీ దిగినప్పుడు కాంట్రాక్టర్‌ను మొదట అడగాల్సిన ప్రశ్న అదే.

రోడ్డు పని మంజూరైందని తెలియగానే మీరు చేయాల్సినవి

• ఎస్టిమేట్ కాపీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అందుకే పని మొదలయ్యాక కాదు, మంజూరైన వెంటనే అడగాలి.
• రోడ్డు అడ్డుకోత బొమ్మ ఉందా చూడండి. నేల కింద ఏ లైన్ ఎక్కడ, ఎంత లోతున ఉంటుందో అందులో ఉండాలి. ఆ బొమ్మ లేకుండా వేసేది రోడ్డు ప్లాన్ కాదు, పై పూత మాత్రమే.
• డ్రైనేజీ లైన్ ఎక్కడ కలుస్తుందో పేరుతో చెప్పమనండి. 'మెయిన్ లైన్‌లో' అంటే చాలదు. ఏ మెయిన్, అది ఇప్పటికే ఉందా అని అడగండి.
• జలమండలి, కరెంటు సంస్థల నుంచి 'ఈ వీధిలో మాకు ఇక పని లేదు' అని రాతపూర్వకంగా తెప్పించమని కాలనీ సంక్షేమ సంఘం తరఫున కోరండి.
• కొత్త రోడ్డు ఎత్తు ఎంతో మీ గేటు దగ్గర గుర్తు పెట్టించుకోండి.
• పూడ్చకముందు పైపుల ఫొటోలు తీసి, గోడ నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాయో రాసి సంఘం దగ్గర దాచండి. పదేళ్ల తర్వాత లీకు వస్తే ఆ కాగితమే మీ రోడ్డును కాపాడుతుంది.

పైపుల పని పూర్తయ్యేదాకా రోడ్డు ఆపమని అడగడం కాలనీ సంఘానికి కష్టమే. 'వచ్చిన నిధులు వెనక్కి పోతాయి' అని అందరూ తొందరపెడతారు. మరో రెండు వానాకాలాలు బురదలో నడవడం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ పైపు లేకుండా వేసిన రోడ్డుకు మీరు రెండుసార్లు డబ్బు కడతారు. ఒకసారి వేసినందుకు, మరోసారి తవ్వి పూడ్చినందుకు. ఈసారి మీ వీధిలో కొబ్బరికాయ కొట్టడానికి వచ్చినవారిని ఒక్క మాట అడగండి: కింద పని అయిపోయిందా?